సినిమాల్లోకి వెళ్తానంటున్న మేనకోడలికి

అమ్మడూ,

మీ నాన్న ఫోన్ చేశాడు. ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్తానంటున్నావట, మోడలింగ్ చేస్తూ సినిమాల్లో ప్రయత్నిస్తానంటున్నావట. "నువ్వైనా నాలుగు చివాట్లు పెట్టక్కా" అన్నాడు. పెడతాను గానీ వాడు అనుకున్నందుకు కాదు. విజయవాడలో ఆ నగల షాపు హోర్డింగు మీదికి నువ్వు ఎక్కినప్పుడే ఈ కబురు ఎప్పటికైనా వస్తుందనుకున్నాను. గర్వంగానే ఉంది. భయమూ అంతే ఉంది. మీ నాన్నకి చుట్టాలేమంటారోనని భయం, నాకు మాత్రం నువ్వు దేనిమీద సంతకం పెడతావోనని. సినిమా ఆఫీసుల్లో లెక్కలూ అగ్రిమెంట్లూ చూసినదానికి అదే తడుతుంది మరి.

ముందు చిన్నవి చెప్పేస్తాను.

ఉద్యోగం ఈ నెలే మానెయ్యకు. ఏడాదికి సరిపడా అద్దె, తిండి, ప్రయాణాలు, ఫోటోల ఖర్చు బ్యాంకులో చేరాక మానెయ్యి. వచ్చే నెల అద్దె చేతిలో లేని పిల్ల ఏ కాగితం ముందు పెట్టినా సంతకం చేసేస్తుంది. అవతలివాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు.

గది యూసఫ్‌గూడ, మధురానగర్, శ్రీనగర్ కాలనీ వైపు చూసుకో. మెట్రో దగ్గర. అన్నపూర్ణ, రామానాయుడు, సారథి స్టూడియోలు ఆ చుట్టుపక్కలే. రామోజీ ఫిల్మ్‌సిటీ మాత్రం ఊరికి ఆ చివరెక్కడో. అక్కడ షూటింగ్ అంటే కంపెనీ బండి వస్తుందా, రాత్రి ప్యాకప్ అయ్యాక తిరిగి దింపుతుందా అని ముందే అడుగు. రెండో ప్రశ్న అడగడం చాలామంది మర్చిపోతారు. కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర తగిలే, వేషాలు ఇప్పిస్తామనే కో-ఆర్డినేటర్లందరూ మోసగాళ్లని అనను, కానీ అక్కడ ఎవరికీ పైసా ఇవ్వకు. ఆడిషన్‌కి డబ్బు తీసుకునే నిర్మాణ సంస్థ లేదు. రిజిస్ట్రేషన్ ఫీజు, కార్డు ఫీజు, 'డైరెక్టర్‌గారికి పరిచయం' ఫీజు అన్నారంటే ఫోన్ పెట్టెయ్యి. సంస్థ పేరు చెప్పి ఎవరైనా పిలిస్తే వాళ్లిచ్చిన నంబరుకి కాకుండా ఆ సంస్థ ఆఫీసుకి నువ్వే ఫోన్ చేసి, నిజంగా కాస్టింగ్ జరుగుతోందా అని కనుక్కో. పగటిపూట ఆఫీసులో అయితేనే వెళ్లు. హోటల్ గది అన్నారా, అది ఎంత పెద్ద హోటలైనా వద్దు.

ఇక ఫోటోలు. పోర్ట్‌ఫోలియో పేరుతో లక్షలు అడిగే స్టూడియోల జోలికి పోకు. కాస్టింగ్ వాళ్లు ముందు చూసేవి డిజిటల్స్ అనే మేకప్ లేని ఫోటోలు. పొద్దున కిటికీ వెలుతురులో, తెల్ల గోడో లేత బూడిదరంగు గోడో వెనక పెట్టుకుని, ఒంటికి సరిపోయిన సాదా టీషర్టు, జీన్స్‌తో తియ్యాలి. ఎదురుగా, కుడి పక్కన, ఎడమ పక్కన, ముప్పావు ముఖం, వెనకనుంచి, నిలువెత్తు. జుట్టు విప్పి కొన్ని, ముడేసి కొన్ని. పళ్లు కనిపించేలా నవ్వుతూ ఒకటి. ఫోన్‌తోనే తీసుకోవచ్చు గానీ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. తీసేవాళ్లు రెండు మూడు మీటర్లు వెనక్కి నిలబడి 2ఎక్స్ జూమ్‌లో తియ్యాలి. ఫిల్టర్, బ్యూటీ మోడ్ రెండూ ఆపెయ్యి. ఫోటోలో లేని మచ్చ మనిషి ముఖాన కనిపించిందంటే ఆ తర్వాత నువ్వు చెప్పే ఎత్తునీ వయసునీ కూడా నమ్మరు. జుట్టు కత్తిరించుకున్నా, బరువు మారినా వెంటనే కొత్తవి తీసుకో.

కాంప్ కార్డు, అంటే మోడల్ ఫోటోలూ వివరాలూ ఉండే పరిచయ కార్డు, ఐదున్నర బై ఎనిమిదిన్నర అంగుళాలుండాలి. ముందువైపు ఒకే ఒక్క ముఖం, వెనక ఒకదానికొకటి పోలిక లేని నాలుగు ఫోటోలు, కింద చెప్పుల్లేకుండా కొలిచిన ఎత్తు, కొలతలు, వచ్చిన భాషలు. ఇంటి అడ్రసూ ఆధార్ నంబరూ దానిమీద వెయ్యకు. ర్యాంప్ మీద నడవడానికి సాధారణంగా ఐదడుగుల ఏడంగుళాలకి పైనే అడుగుతారు. నువ్వు ఐదడుగుల నాలుగు. కాబట్టి ఫ్యాషన్ వీక్‌ల చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోకు. నగలు, చీరలు, సబ్బులు, బ్యాంకులు, ఫోన్ల ప్రకటనలకి ఎత్తు పట్టింపు లేదు. ముఖమూ చేతులూ ముఖ్యం. గోళ్లు శుభ్రంగా ఉంచుకో. నగల వాళ్లు ముందు చేతులే చూపించమంటారు.

మోడలింగ్‌లో పేరొస్తే సినిమా దానంతటదే వస్తుందనుకోవద్దు. మన తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన శోభిత ధూళిపాళనే చూడు. 2013లో ఫెమినా మిస్ ఇండియా ఎర్త్‌గా ఎంపికైంది. తెరమీద మొదట కనిపించింది 2016లో, అదీ హిందీలో. తెలుగులో తొలి సినిమా 2018లో వచ్చింది. కిరీటానికీ తెలుగు తెరకీ మధ్య ఐదేళ్లు, ఆ మధ్యలో ఎన్నో ఆడిషన్లు. వైష్ణవి చైతన్య వేరే దారిలో వచ్చింది. యూట్యూబ్‌లో షార్ట్‌ఫిల్ములూ వెబ్ సిరీస్‌లూ చేసుకుంటూ 2023లో హీరోయిన్ అయింది. నన్నడిగితే రెండో దారే నీకు నయం. రోజూ కెమెరా ముందు ఉంటావు, చేసిన తప్పు మర్నాడే నీ కంటికి కనపడుతుంది.

ఇంట్లో తీసి పంపే ఆడిషన్ వీడియో ఫోన్ అడ్డంగా పట్టి తియ్యాలి, నడుము పైనుంచి కనపడాలి. గళ్లూ సన్నచారలూ ఉన్న బట్టలు వద్దు, కెమెరాలో అవి కదులుతున్నట్టు మెరుస్తాయి. ఒకే రంగున్నది వేసుకో, గోడలో కలిసిపోని రంగు. ట్యూబ్‌లైట్ కింద తీస్తే వీడియో వణుకుతుంది, అందుకని షట్టర్ 1/50కో 1/100కో మార్చు. ఎదుటి పాత్ర డైలాగు చదివేవాళ్లు కెమెరా పక్కనే నిలబడి నీకంటే తక్కువ గొంతుతో చదవాలి. నీ చూపు లెన్సులోకి పోకుండా దానికి ఆనుకుని ఉండాలి. ముందు పరిచయం చెప్పు: పేరు, ఎత్తు, ఊరు, భాషలు, రెండు పక్కల ముఖం, రెండు చేతులు. అరనిమిషం చాలు. తర్వాత ఒకే సీను రెండు రకాలుగా చేసి పంపు. రెండోది నిజంగా వేరుగా ఉండాలి, గొంతు కాస్త పెంచి పంపితే ఎవరూ చూడరు.

సెట్టు మీద రెండు సంగతులు నేర్చుకుంటే కొత్తపిల్లవని ఎవరూ విసుక్కోరు. నేలమీద టేపు వేసి ఆగాల్సిన చోటు గుర్తుపెడతారు. నడుస్తూ కిందికి చూశావంటే ఆ టేక్ పోయినట్టే. రిహార్సల్లో టేపు దగ్గర నిలబడి వెనక్కి నడుస్తూ అడుగులు లెక్కపెట్టుకో, టేక్‌లో అవే అడుగులు ముందుకి వెయ్యి. రెండోది కంటిన్యుటీ. ఏ మాట దగ్గర గ్లాసు ఏ చేత్తో ఎత్తావో గుర్తుండాలి. సీనంతా ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో కుడిచేత్తో ఎత్తి క్లోజప్‌లో ఎడమచేత్తో ఎత్తితే ఎడిటర్‌కి నీ క్లోజప్ పనికిరాదు. పోయేది నీ ముఖమే. అన్నం తినే సీనైతే చిన్న ముద్దలు పెట్టుకో. పది టేకులూ తినాలి మరి.

ఇప్పుడు నీకు మాత్రమే ఉన్న ఒక ఆస్తి గురించి. తెలుగు సినిమాలో చాలా ఏళ్లుగా హీరోయిన్ ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. సమంత మొదటి తెలుగు సినిమాలో వినిపించింది చిన్మయి గొంతు. అది బాగానే నప్పింది, కాదనను. నీకు తెలుగొచ్చు, ఇంకొకరి గొంతు ఎందుకు? కానీ వచ్చిన తెలుగు చాలదు. శ, ష, స వేరువేరుగా పలకాలి. నువ్వు 'ళ'ని 'ల' చేస్తావు, ఫోన్లో వింటూనే ఉన్నాను. పొద్దున్నే ఒక పేజీ పైకి చదువు, రికార్డు చేసి విను. నాటక పద్యం ఒకటి పట్టుకుని ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తుపెట్టి సాధన చెయ్యి. ఏడో తరగతిలో సత్యభామ వేషం వేసి జడ ముందుకి వేసుకున్నప్పుడు నీకెవరూ నేర్పకుండానే ఆ విరుపు వచ్చింది, అది ఎక్కడికీ పోలేదు. గోదావరి యాస, తెలంగాణ యాస, రాయలసీమ యాస, ఉత్తరాంధ్ర యాస: వీటిలో రెండైనా ఆ ప్రాంతం వాళ్లు నవ్వకుండా మాట్లాడగలగాలి. నేర్చుకున్నాక అగ్రిమెంట్‌లో 'నా పాత్రకి డబ్బింగ్ నేనే చెబుతాను' అని ఒక వాక్యం రాయించు. చివరి నిమిషంలో ఇంకొకరి గొంతు పెట్టాల్సి వస్తే నీకు ముందుగా రాతపూర్వకంగా చెప్పాలని ఇంకో వాక్యం.

అగ్రిమెంట్ అన్నాను కదా. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

కాంచనమాల పేరు నువ్వు విని ఉండవు. తెనాలి ప్రాంతపు మనిషే. 1938లో 'మాలపిల్ల' వచ్చాక ఆవిడకొచ్చిన పేరు అంతా ఇంతా కాదు. మర్నాటి ఏడు 'వందేమాతరం', ఆ పై ఏడు 'ఇల్లాలు'. క్యాలెండర్ల మీద ఆవిడ బొమ్మ ఇళ్లలో వేలాడేది. ఇవాళ మీరు మోడల్ అంటున్నారే, ఆ లెక్కన తెలుగువాళ్ల తొలి మోడల్ ఆవిడే అనాలి. 1942లో జెమినీవాళ్ల 'బాలనాగమ్మ'లో నటించింది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. కానీ ఆ సినిమా తీస్తున్నప్పుడే సంస్థతో ఆవిడకి చెడింది. జెమినీతో ఉన్న ఒప్పందం ప్రకారం వాళ్ల అనుమతి లేకుండా బయటి సినిమాల్లో నటించడానికి వీల్లేదు. చెడినవాళ్లు వేషం ఇవ్వరు, బయటివాళ్ల దగ్గర చేద్దామంటే కాగితం ఒప్పుకోదు. పాతికేళ్ల వయసు, ఆంధ్రదేశమంతా గుర్తుపట్టే ముఖం, చేతిలో పని లేదు. తర్వాత భర్త పోయాడు, మనసు చెదిరింది. 1981లో మద్రాసులో పోయింది. నడుమ దాదాపు నలభై ఏళ్లు. ఆ ఏళ్ల తెలుగు సినిమా చరిత్రలో ఆవిడ దాదాపు లేదు.

ఆవిడకి పొగరని కొందరు, సంస్థది మొండితనమని కొందరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరిది తప్పన్నది నాకు అనవసరం. సినిమాల్లో గొడవలు రాని మనుషులుండరు. గొడవొచ్చిన రోజున ఇంకో గుమ్మం తొక్కడానికి వీలుందా లేదా అన్నదొక్కటే నేను చూసేది. మన దుగ్గిరాలలో పెరిగిన జమునగారిని చూడు. 1950ల చివర్లో ఆవిడకీ ఇద్దరు పెద్ద హీరోలకీ పడలేదు. రామారావు, నాగేశ్వరరావు మూడేళ్లపాటు ఆవిడతో నటించలేదు. ఇద్దరూ కలిసి వద్దన్నారంటే ఆ రోజుల్లో ఇంకేం మిగులుతుంది చెప్పు! అయినా ఆవిడ జగ్గయ్యతో, హరనాథ్‌తో సినిమాలు చేస్తూనే ఉంది. 1962లో 'గుండమ్మ కథ'లో ఆ ఇద్దరూ ఉన్నారు, ఆవిడా ఉంది. ఇద్దరు కాదన్నా మూడోవాళ్ల దగ్గరికి వెళ్లకుండా జమునగారిని ఏ కాగితమూ ఆపలేదు. కాంచనమాలని ఆపింది.

ఇవి పాతకాలం కబుర్లు, ఇప్పుడు స్టూడియోలు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకోవడం లేదు కదా అంటావు. ఆ షరతు ఎక్కడికీ పోలేదు, వేరే కాగితాల్లోకి ఎక్కింది. టాలెంట్ మేనేజ్‌మెంట్ అగ్రిమెంట్ అంటారు, లాంచింగ్ ప్రొడ్యూసర్‌తో 'మూడు సినిమాల డీల్' అంటారు. కొత్తపిల్లకి మొదటి అవకాశం ఇస్తున్నాం కాబట్టి వచ్చే మూడు సినిమాలూ మాకే చెయ్యాలి, ఈలోగా బయట చెయ్యాలంటే మా అనుమతి కావాలి అని ఒక పేరా ఉంటుంది. రెండో సినిమా ఎప్పుడు మొదలుపెడతారో మాత్రం ఎక్కడా ఉండదు. తేదీ లేకపోతే ఆ మూడు సినిమాలు పదేళ్లయినా పూర్తికావు.

చట్టం నిన్ను కాపాడుతుందనుకోకు, సగమే కాపాడుతుంది. 'ఈ సినిమాలో నటించు' అని ఏ కోర్టూ నిన్ను బలవంతపెట్టదు. కానీ 'ఒప్పందం నడిచినంతకాలం వేరేవాళ్లకి చెయ్యను' అని సంతకం పెట్టి ఉంటే ఆ మాట మీద నిన్ను నిలబెట్టి, బయటి షూటింగ్‌కి వెళ్లకుండా ఆపే అధికారం కోర్టుకి ఉంది. ఒప్పందం ముగిసిన తర్వాత కూడా చెయ్యకూడదనే షరతు మాత్రం 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. అందుకే ముగిసే తేదీ అన్నిటికన్నా ముఖ్యం. కాగితం చేతికి రాగానే నీ పారితోషికం ఎంత రాశారో తర్వాత చూసుకో, ముందు ఆ తేదీ వెతుకు.

తేదీ తర్వాత ఇవి చూడు. బయట చెయ్యకూడదు అన్న చోట 'షూటింగ్ షెడ్యూల్ రోజుల్లో' అని మార్పించు. కాల్షీట్లు, అంటే షూటింగ్‌కి వస్తానని తేదీలు, ఇచ్చిన రోజుల్లో వాళ్లకే చేస్తావు, మిగతా రోజులు నీవి. వాళ్లు ఒప్పుకోకపోతే, ఖాళీగా కూర్చోబెట్టిన నెలలకి నెలకింత అని జీతం రాయించు. జీతం అనేసరికి చాలామంది ఆ షరతే తీసేస్తారు. సంతకం చేసిన ఆరు నెలల్లో షూటింగ్ మొదలవకపోతే ఒప్పందం దానంతటదే రద్దయిపోవాలి, అడ్వాన్సు తిరిగి ఇవ్వక్కర్లేదు. మేనేజర్ కమీషన్ వాళ్లు తెచ్చిన పనిమీదే ఉండాలి. 'ఆర్టిస్టు సంపాదించే సమస్త ఆదాయంపై' అని ఉంటే నువ్వు సొంతంగా తెచ్చుకున్న చీరల ప్రకటనలోనూ వాళ్లకి వాటా పోతుంది. నీ ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ పాస్‌వర్డ్, రికవరీ ఫోన్ నంబరు నీవే అయ్యుండాలి. నీ తరఫున సంతకం చేసే అధికారం, అంటే పవరాఫ్ అటార్నీ, ఎవరికీ ఇవ్వకు. 30 రోజుల రాతపూర్వక నోటీసుతో బయటికొచ్చే దారి ఉండాలి. నువ్వు తప్పుకుంటే కట్టాల్సిన పెనాల్టీ ఒక అంకె అయి ఉండాలి. 'నిర్మాతకి కలిగిన నష్టమంతా' అని రాసి ఉంటే ఆ నష్టం ఎంతో వాళ్లే చెబుతారు.

రాత్రి పదకొండింటికి "రేపే పూజ, ఇప్పుడే సైన్ చెయ్యాలి" అని ఫోనొస్తుంది. తప్పకుండా వస్తుంది. "మా అత్తయ్య చూడాలి, రెండు రోజులు టైమివ్వండి" అను. నన్ను గయ్యాళిదాన్ని చెయ్యి, పర్వాలేదు. అందుకే ఉన్నాను. రెండు రోజులు ఆగలేని అవకాశం పోనీ. ఖాళీ స్టాంపు కాగితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం ఎవరికీ, మీ నాన్నకి కూడా, పెట్టి ఇవ్వద్దు. ప్రతి పేజీ కిందా సంతకం ఉండాలి, వాళ్లదీ నీదీ. రెండు ప్రతులు తీసి ఒకటి నీ దగ్గర పెట్టుకో.

చివాట్లు అన్నాను కదా, అవి ఇక్కడ. ఆ నగల షాపువాళ్లకి నువ్వు సంతకం పెట్టిన కాగితం కాపీ నీ దగ్గర లేదట! ఎన్నాళ్లు వాడుకుంటారో తెలియదట! ప్రకటనలో నీకిచ్చే డబ్బు ఫోటో దిగినందుకే అనుకున్నావేమో. అది నీ ముఖం వాడుకున్నందుకు. ఎంతకాలం (మామూలుగా ఏడాది), ఎక్కడ (రెండు తెలుగు రాష్ట్రాలా, దేశమంతానా, విదేశాలా), దేంట్లో (హోర్డింగు, పత్రిక, టీవీ, ఇంటర్నెట్), గడువు దాటాక మళ్లీ వాడితే ఎంత: ఈ నాలుగూ కాగితం మీద లేకపోతే నీకు నలభై ఏళ్లొచ్చాక కూడా అదే ఫోటో ఏదో ఊరి బస్టాండులో వేలాడుతూ ఉంటుంది. అంతకన్నా నష్టం, నువ్వు రేపు ఇంకో పెద్ద నగల సంస్థకి చేద్దామంటే 'ఈ అమ్మాయి ఆల్రెడీ వాళ్లది' అంటారు. కొత్తగా ఇప్పుడు ఇంకోటి కూడా రాయించాలి. నీ ముఖాన్ని గానీ గొంతుని గానీ కంప్యూటర్‌తో కొత్తగా పుట్టించి వాడకూడదని, ఏఐకి శిక్షణగా ఇవ్వకూడదని. ఆ షాపుకి ఈ వారమే మెయిల్ పెట్టి కాపీ అడుగు. మర్యాదగానే అడుగు, ఇచ్చేస్తారు.

ఏ వస్తువు పడితే ఆ వస్తువు పక్కన నిలబడకు. తప్పుదారి పట్టించే ప్రకటనలో ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రచారం చేసినవాళ్లకి మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. ఏడాది పాటు ప్రకటనలు చెయ్యకుండా నిషేధం కూడా పెట్టొచ్చు. వస్తువు గురించి విచారించాకే ఒప్పుకున్నానని చూపించగలిగితే బయటపడతావు, కాబట్టి వాళ్లిచ్చిన ల్యాబ్ రిపోర్టులు, మెయిళ్లు దాచుకో. బెట్టింగ్ యాప్‌లైతే వినిపించుకోను కూడా వద్దు. 2025లో తెలంగాణలో వాటికి ప్రచారం చేసిన నటులమీద, ఇన్‌ఫ్లుయెన్సర్లమీద కేసులు పెట్టారు. అదే ఏడాది వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. మొదటి ఏడాది నీకు అందరికంటే ఎక్కువ డబ్బు చూపించేది వాళ్లే, గుర్తుపెట్టుకో.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పారితోషికంలో 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుని మిగతాది ఇస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. పట్టుకున్నది నీ పాన్ మీద జమైందో లేదో మూడు నెలలకోసారి ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకో. పట్టుకుని కట్టనివాళ్లు ఉంటారు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ చేయించాలి, అప్పుడు బిల్లు మీద 18 శాతం వేరే వెయ్యాలి. పారితోషికం మాట్లాడుకునేటప్పుడే 'జీఎస్‌టీ అదనం' అని అనుకోకపోతే అది నీ చేతినుంచే పోతుంది. వాయిదాలు ఇలా రాయించు: కొంత సంతకం రోజున, కొంత షెడ్యూల్ వారీగా, మిగిలినదంతా డబ్బింగ్‌కి ముందు. డబ్బింగ్ థియేటర్‌లోకి వెళ్లేముందు బ్యాలెన్స్ అకౌంట్లో పడి ఉండాలి. డబ్బింగ్ చెప్పేశాక నువ్వు వాళ్లకి అవసరం లేదు. సినిమా రిలీజయ్యాక ఇస్తాం అన్నది ఇవ్వడమని నేను అనుకోను. చెక్కు ఇస్తే తేదీ నుంచి మూడు నెలల్లో వెయ్యి. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, వాళ్లకి కట్టడానికి 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు కేసు వెయ్యాలి. మొహమాటపడి ఒక్క గడువు దాటించావంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

మీ అమ్మ అడగలేక ఊరుకున్నది నేను అడుగుతున్నాను. వేషం కావాలంటే లొంగాలని చెప్పడానికి వాడే 'కమిట్‌మెంట్', 'అడ్జస్ట్‌మెంట్' అనే మాటలు ఎవరి నోటినుంచైనా వస్తే అర్థం కానట్టు నటించకు. "అలాంటిది చెయ్యను" అని ఒకే వాక్యం మెసేజ్‌లో రాసి పంపు. నోటితో చెబితే సాక్ష్యం ఉండదు. అవతలి మెసేజ్‌లు తుడిచెయ్యకు, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌కి కూడా పంపి ఉంచు. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే ప్రతి చోటా, ఆడవాళ్లమీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం, ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. సినిమా సెట్టు కూడా పనిచేసే చోటే, నువ్వు నెల జీతం మనిషివి కాకపోయినా ఫిర్యాదు చెయ్యొచ్చు. గడువు మూడు నెలలు. సంస్థలో కమిటీ లేకపోతే జిల్లా కమిటీ ఉంటుంది. హైదరాబాదులో ఆడవాళ్ల కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఆపదలో 112, 181 నంబర్లు ఉన్నాయి. కేరళలో మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల పరిస్థితి మీద జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన రిపోర్టు 2024 ఆగస్టులో బయటపెట్టారు. అందులో వేధింపులతోపాటు సెట్లలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు, బట్టలు మార్చుకునే చోటు లేదు అని కూడా ఉంది. పెద్ద హీరోయిన్‌కి క్యారవాన్ దానంతటదే వస్తుంది. నీకు రాదు. 'తాళం వేసుకునే గది, మరుగుదొడ్డి' అని అగ్రిమెంట్‌లో రాయించు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ముఖానికి ఎవరేమిచ్చినా పూసుకోకు. పార్లర్‌లో 'ఫార్ములా క్రీమ్' అని డబ్బీలో ఇచ్చేవాటిలో చాలావరకు స్టెరాయిడ్, చర్మాన్ని తెల్లబరిచే హైడ్రోక్వినోన్ కలిసి ఉంటాయి. పది రోజులు ముఖం వెలిగిపోతుంది. నెలలు వాడితే చర్మం పలచబడి ఎర్రనాళాలు తేలతాయి, మొటిమలు, రోమాలు వస్తాయి, మానేస్తే మంట. మేకప్‌తో చూసేవాళ్ల కళ్లని మోసం చెయ్యొచ్చు గానీ ఇప్పటి కెమెరాల్లో క్లోజప్ పెడితే అదంతా కనపడుతుంది. నీ రంగు నీకు చాలు. చామనఛాయ అమ్మాయి కావాలని వెతికే కాస్టింగ్ కాల్స్ ఇప్పుడు వస్తున్నాయి. షూటింగ్ అయ్యాక మేకప్ ముందు నూనెతోనో క్లెన్సర్‌తోనో కరిగించి, తర్వాత ముఖం కడుక్కో. నిద్రొస్తోందని అలాగే పడుకోకు. బ్రష్షులు, లిప్‌స్టిక్, మస్కారా నీవి నువ్వు తీసుకెళ్లు. కళ్లకలక వస్తే నాలుగు కాల్షీట్లు పోతాయి.

తిండి మానకు. ఇది సలహా కాదు, ఆజ్ఞ. నిమ్మరసం తాగి వారంలో మూడు కిలోలు తగ్గమనే ట్రైనర్ తగిలితే ఫోన్ నాకివ్వు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆదివారం వస్తున్నాను, నాతో గొడవపడటానికి వాడూ సిద్ధంగానే ఉంటాడు. రెండేళ్లు టైమివ్వమని అడుగుతాను. నువ్వు మాత్రం ఈ మధ్యలో ఏ కాగితం వచ్చినా పేజీ పేజీ స్కాన్ చేసి నాకు పంపు. వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే, వెనకవైపు కూడా.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య

తా.క.: ఆధార్‌లో, పాన్‌లో, బ్యాంకులో నీ పేరు స్పెల్లింగు మూడు రకాలుగా ఉందని మీ నాన్న చెప్పాడు. వెళ్లేలోపు మూడూ ఒకటి చేయించి, అదే పేరుతో పాస్‌పోర్ట్‌కి దరఖాస్తు పెట్టు. విదేశీ షెడ్యూల్ ఉందని తెలిశాక పరుగెత్తితే వేషం వేరేవాళ్లకి పోతుంది. తెరకి వేరే పేరు పెట్టుకుంటే పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. అగ్రిమెంట్‌లో మాత్రం అసలు పేరు ముందు, 'అలియాస్' అని తెర పేరు తర్వాత ఉండాలి. చెక్కు అసలు పేరు మీదే తీసుకో.